“కథ చెప్పావు, విశ్లేషణ ఎక్కడ?”: ‘ద పర్ల్’ ప్రాజెక్టును మళ్ళీ రాయాలంటే

ప్రశ్న: మేము బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. మా పాప తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో జాన్ స్టైన్‌బెక్ రాసిన ‘ద పర్ల్’ నవలిక మీద వెయ్యి పదాల ప్రాజెక్టు ఇచ్చారు. రెండు పాత్రల పరిశీలన, నాలుగు లిటరరీ డివైస్‌లు (అలంకారాల్లాంటివి) ఉండాలట. మొదటి డ్రాఫ్టుకి 20కి 9 వేసి “కథ చెప్పావు, విశ్లేషణ ఎక్కడ?” అని టీచర్ రాశారు. డ్రాఫ్టు “కీనో అత్యాశపరుడు, అతని అత్యాశ వల్లే కొడుకు చనిపోయాడు” అని మొదలవుతుంది. సిమిలీ, మెటఫర్, సింబల్ అని పేర్లన్నీ సరిగ్గానే పెట్టింది. ఇంకా ఏం కావాలో తనకీ తెలియడం లేదు, నాకూ తెలియడం లేదు. నేను మదనపల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. పాపకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పది రోజుల్లో మళ్ళీ ఇవ్వాలి. నేను ఏమైనా సాయం చేయగలనా? (ఒక తల్లి, బెంగళూరు)

సమాధానం: చేయగలరమ్మా. మీరు తెలుగు మీడియంలో చదవడం ఇక్కడ లాభమే. అదెలాగో అలంకారాల దగ్గర చెబుతాం.

ముందు డ్రాఫ్టు సంగతి. పుస్తకం తెలియనివాళ్ళకి ఒక్క మాట: కీనో సముద్రంలో ముత్యాలు తీసే పేదవాడు. అతనికి ఒక పెద్ద ముత్యం దొరుకుతుంది. దాని కోసం దాడికి వచ్చినవాణ్ణి చంపి, భార్యాబిడ్డలతో ఊరు వదిలి పారిపోతాడు. మార్కులు పోయింది మొదటి వాక్యంలోనే. కీనో అత్యాశపరుడని తీర్పు ఇచ్చేశాక ఇక పరిశీలించడానికి ఏం మిగులుతుంది? ఆ తీర్పుకి సాక్ష్యంగా కథ చెప్పుకుంటూ పోవడమే మిగులుతుంది. మీ పాప అదే చేసింది. పైగా ఆ తీర్పు పుస్తకానికి సరిగ్గా అతకదు. లోభం గురించిన నవలిక అని గైడ్లలో ఉంటుంది కాబట్టి పిల్లలు హీరోనే లోభి అనుకుంటారు. పుస్తకంలో లోభం చాలానే ఉంది. అది ముందుగా ఎవరిలో కనిపించింది, కీనోలోకి వచ్చిందా, వస్తే ఏ పేజీలో వచ్చింది అనేదే ప్రాజెక్టుకి ప్రశ్న కావాలి.

మొత్తం 6 అధ్యాయాలు, వంద పేజీల లోపు పుస్తకం. పాప దగ్గర సంక్షిప్త ప్రతి ఉంటే పక్కన పెట్టించి పూర్తి పాఠం తెప్పించండి. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగళ్ళలోనో చర్చ్ స్ట్రీట్‌లోనో వెతకవచ్చు. సంక్షిప్త ప్రతుల్లో కథ ఉంటుంది, వాక్యాలు ఉండవు. మనకి కావాల్సింది వాక్యాలే. ప్రచురణను బట్టి పేజీ సంఖ్యలు మారతాయి కాబట్టి ఇక్కడ అధ్యాయాల సంఖ్యలే ఇస్తున్నాం. ఇంకో చిన్న విషయం. కథ జరిగేది మెక్సికోలో, బాహా కాలిఫోర్నియాలోని లా పాస్ ఊళ్ళో. పుస్తకంలో ‘గల్ఫ్’ అంటే కాలిఫోర్నియా సింధుశాఖ. మెక్సికో అనగానే గల్ఫ్ ఆఫ్ మెక్సికో అని రాసేసే పిల్లలుంటారు, చూసుకోమనండి.

ఇక మూడో అధ్యాయం తీయండి. ముత్యం దొరికిన రోజు కీనో గుడిసె నిండా ఇరుగుపొరుగు వాళ్ళు. ఇప్పుడు ఏం చేస్తావని అన్న హువాన్ తొమాస్ అడుగుతాడు. కీనో కోరికలు వరసగా రాయించండి. చర్చిలో పెళ్ళి (డబ్బు కట్టలేక ఇన్నాళ్ళూ చేసుకోలేదు), కొత్త బట్టలు, ఏడాది కిందట పోయిన హార్పూన్‌కి (చేపల్ని పొడిచే ఈటెకి) బదులు కొత్తది, ఒక తుపాకీ, కొడుకు కొయొటీటోకి చదువు. వీటిలో అత్యాశ ఏది? పెళ్ళా, బట్టలా, పిల్లవాడి చదువా? ఈ ప్రశ్న మీ పాపని తెలుగులోనే అడగండి. జవాబు వెతుక్కుంటూనే ప్రాజెక్టు సగం దారిలో పడుతుంది.

అక్కడే ఇంకో విశేషం ఉంది, చాలామంది పిల్లలు చదివి దాటిపోతారు. తుపాకీ మాట నోట్లోంచి వచ్చిన దగ్గర కథకుడు ఆగి, మనుషులకి ఎంత ఇచ్చినా తృప్తి ఉండదని లోకం అంటుందే, అని మొదలుపెడతాడు. ఇది తిట్టుగా అంటారు గానీ, ఉన్నదానితో సరిపెట్టుకునే జంతువుల కంటే మనిషిని పైకి తెచ్చిన గొప్ప శక్తుల్లో ఇదొకటి అని ముగిస్తాడు. రచయితే కోరికని మెచ్చుకుంటున్న వాక్యం ఇది. “కోరిక చెడ్డది, అదే ఈ కథ నీతి” అని రాసిన ప్రతి ప్రాజెక్టునూ ఈ ఒక్క వాక్యం పడగొడుతుంది. మీ పాప దీన్ని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు కోట్ చేసి, తన పరిశీలన ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

తర్వాత ఆరో అధ్యాయానికి వెళ్ళండి. ఊరు వదిలి పారిపోతున్న కీనో మళ్ళీ ముత్యంలోకి చూస్తాడు, ఆ కోరికల కోసమే. తుపాకీ కోసం చూస్తే మెడ నుంచి నెత్తురు కారుతూ నేల మీద పడి ఉన్న శవం కనిపిస్తుంది. పెళ్ళి కోసం చూస్తే దెబ్బలు తిన్న మొహంతో రాత్రి ఇంటికి పాక్కుంటూ వస్తున్న భార్య హువానా. (బడిలో జువానా అంటారు, అలా పలికినా ఏం కాదు.) చదువు కోసం చూస్తే మందు తిని ఉబ్బి, జ్వరంతో ఉన్న పిల్లవాడి మొహం. రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి రెండు నిలువు గళ్ళు గీయించండి. ఎడమ గడిలో మూడో అధ్యాయం కోరిక, కుడి గడిలో ఆరో అధ్యాయం దృశ్యం. ఆ పట్టికే కీనో పాత్ర పరిశీలనకి వెన్నెముక. దాని కింద ఒక్క వాక్యం రాయించండి: అన్ని కోరికల్లో చివరికి కీనో చేతికొచ్చింది తుపాకీ ఒక్కటే, అది కూడా తన కొడుకుని చంపిన తుపాకీ.

మరి కీనో మారలేదా? మారాడు, అది ఐదో అధ్యాయంలో. తెల్లవారకముందే హువానా ముత్యాన్ని సముద్రంలో పారేయడానికి వెళ్తే వెంటపడి, మొహం మీద కొట్టి, పడిపోతే తంతాడు. పాములా బుసకొట్టాడని రచయిత రాస్తాడు. అదే అధ్యాయం చివర, ఈ ముత్యం నా ఆత్మ అయిపోయింది, దీన్ని వదిలితే ఆత్మని పోగొట్టుకుంటాను అని అన్నతో అంటాడు. అత్యాశ మాట వాడాలంటే వాడాల్సింది ఇక్కడ. అయితే ఈ రెండింటి మధ్యలో ఇంకో సంగతి ఉంది, దాన్ని వదలకూడదు. ఎవరో కీనో పడవ అడుగున చిల్లు పొడిచేశారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకి వచ్చిన పడవ అది. పారిపోవాలంటే పడవ కావాలి, ఒడ్డున పొరుగువాళ్ళ పడవలు ఉన్నాయి. వాటిలో ఒకటి తీసుకుందామన్న ఆలోచన కూడా అతనికి రాలేదని రచయిత ప్రత్యేకంగా చెబుతాడు. ప్రాణం మీదికొచ్చినా పక్కవాడి వస్తువు ముట్టని మనిషిని లోభి అని ఒక్క ముక్కలో తేల్చగలమా? అదే అధ్యాయంలో భార్యని కొట్టిన చేయి, పొరుగువాడి పడవని ముట్టని చేయి, రెండూ కీనోవే. ఈ రెండు సాక్ష్యాలూ ఎదురెదురు నిలబెడితే టీచర్ అడిగిన విశ్లేషణ వచ్చినట్టే. తీర్పు ఎటు చెప్పినా మార్కులు పోవు. ఎదురు సాక్ష్యాన్ని దాచితే పోతాయి.

ఇక్కడ ఒక నేపథ్య సమాచారం పనికొస్తుంది, అదీ ఒక్క వాక్యం మేరకే. ఈ కథ స్టైన్‌బెక్ కల్పించింది కాదు. 1940లో సముద్రజీవుల సేకరణకి ఆ సింధుశాఖలో తిరిగినప్పుడు లా పాస్ ప్రాంతంలో విన్న కథ. 1941లో వచ్చిన ‘సీ ఆఫ్ కోర్టెజ్’లో దాన్ని క్లుప్తంగా రాశాడు. అందులో ముత్యం దొరికింది పెళ్ళాం పిల్లలు లేని ఒక కుర్రాడికి. తాగడానికి, అమ్మాయిలకి, ఆత్మశాంతి పూజలకి డబ్బొస్తుందని వాడి లెక్క. చివరికి ముత్యాన్ని విసిరేసి హాయిగా నవ్వుకుంటాడు. 1945లో పత్రికలోనూ 1947లో పుస్తకంగానూ వచ్చిన నవలికలో ఆ కుర్రాడి స్థానంలో భార్యాబిడ్డలున్న మనిషి వచ్చాడు, తాగుడు బదులు చదువు వచ్చింది, నవ్వు పోయింది. లోభికి బుద్ధి చెప్పడమే రచయిత ఉద్దేశమైతే పాత కుర్రాడే చక్కగా సరిపోయేవాడు కదా. రచయిత పుట్టుక, నోబెల్ బహుమతి వగైరాలకి మాత్రం ఒక్క పదం కూడా ఖర్చుపెట్టనివ్వకండి, వాటికి మార్కులు రావు.

రెండో పాత్రగా ఎవరిని తీసుకోవాలి? క్లాసులో ఎక్కువమంది డాక్టర్ని తీసుకుంటారు, ఎందుకంటే సులువు. మొదటి అధ్యాయంలో తేలు కుట్టిన పిల్లవాడిని తెస్తే, నేను డాక్టర్ని, పశువుల డాక్టర్ని కాదు అని గేటు వేయిస్తాడు. మూడో అధ్యాయంలో ముత్యం వార్త వినగానే, కీనో నా పేషెంటే, తేలు కుట్టిన వాడి బిడ్డకి వైద్యం చేస్తున్నాను అంటాడు. మధ్యలో మారింది ముత్యం ఒక్కటే. ఇంతకు మించి అతనిలో లోతు లేదు. రాసుకునేవాళ్ళు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. డాక్టర్ ఇచ్చిన తెల్లపొడి మాత్ర తర్వాత పిల్లవాడికి వాంతులయ్యాయి. గంటలో వచ్చి మళ్ళీ ‘నయం’ చేశాడు. కానీ విషం పెట్టాడని పుస్తకం ఎక్కడా తేల్చి చెప్పదు, మనం అనుమానపడేలా రాస్తుంది, అంతే. “డాక్టర్ బిడ్డకి విషం పెట్టాడు” అని రాస్తే అది తప్పు. “అనిపించేలా రాశాడు” అంటే ఒప్పు. అలా రాయడం వల్ల మనమూ కీనో లాగే తెలియనితనంలో ఇరుక్కుంటామని ఒక మాట కలిపితే ఇంకా మంచిది.

మా ఓటు హువానాకి. ఆమె మాట్లాడేది తక్కువ, చేసేది ఎక్కువ, కాబట్టి కథ చెప్పేసి తప్పించుకోవడం కుదరదు. తేలు కుట్టగానే విషం పీల్చి ఉమ్మింది ఆమే. డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నదీ ఆమే. ఒకే నోటితో పాత మంత్రమూ మరియమ్మ ప్రార్థనా చదువుతుంది. డాక్టర్ పొమ్మన్నాక సముద్రపు నాచుతో గాయానికి తడి పట్టు వేస్తుంది. అది డాక్టర్ వైద్యమంత మంచిదే, చౌకగా దొరుకుతుంది కాబట్టి దానికి గౌరవం లేదంతే అని కథకుడు ఎత్తిపొడుస్తాడు. ముత్యం పాపం లాంటిదని మూడో అధ్యాయంలోనే అన్నది ఆమే. దెబ్బలు తిన్న తర్వాత, కీనో చేతిలో చచ్చిపడి ఉన్న మనిషిని చూసి, ఇక పాత బతుకు లేదని కీనో కంటే ముందు గ్రహించి శవాన్ని పొదల్లోకి లాగిందీ ఆమే. చివర్లో ఇద్దరూ ఊళ్ళోకి తిరిగి వచ్చేటప్పుడు ఎప్పటిలా అతను ముందు, ఆమె వెనక నడవలేదు, పక్కపక్కన నడిచారని రచయిత గుర్తుచేస్తాడు. ముత్యాన్ని విసరమని కీనో ఇవ్వబోతే, వద్దు, నువ్వే అంటుంది. ఐదో అధ్యాయంలో తానే విసరబోయిన మనిషి ఇప్పుడెందుకు వద్దంది? ఆ ‘ఎందుకు’కి మీ పాప సొంతంగా మూడు వాక్యాలు రాయగలిగితే చాలు, హువానా పాత్ర పూర్తయినట్టే.

పాదిరి, హువాన్ తొమాస్ ఒక్కో వాక్యంలో వస్తే చాలు. ముత్యం వార్త వినగానే పాదిరికి గుర్తొచ్చింది చర్చి మరమ్మతులు. హువాన్ తొమాస్ అయితే, నువ్వు ఎదిరించింది ముత్యాల వ్యాపారుల్ని కాదు, ఈ మొత్తం ఏర్పాటునే అని తమ్ముణ్ణి హెచ్చరించిన తెలివైనవాడు.

ఇక అలంకారాలు, మీ వంతు ఇక్కడే. పదో తరగతిలో ఉపమాలంకారం నేర్చుకున్నప్పుడు నాలుగు భాగాలు చెప్పించి ఉంటారు: ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం (రెండింటికీ ఉమ్మడి గుణం), ఉపమావాచకం (‘లాగా’ వంటి మాట). ఇంగ్లీషు క్లాసులో పిల్లలు like, as అన్న మాటల కోసం వెతికి ‘సిమిలీ’ అని గీత గీసి ఆగిపోతారు. అంటే మన లెక్కలో ఉపమావాచకం ఒక్కటే పట్టుకున్నట్టు. విశ్లేషణంతా సమానధర్మంలో ఉంటుంది. ఆ రెండు వస్తువుల్లో ఉమ్మడిగా ఉన్నదేమిటి, రచయిత ఇంకో ఉపమానం తీసుకోకుండా దీన్నే ఎందుకు తీసుకున్నాడు అని అడగాలి. పాపకి ఈ నాలుగు గళ్ళూ నేర్పండి, తెలుగు చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు.

మూడు వాక్యాల మీద చేసి చూడండి. మొదటి అధ్యాయంలో డాక్టర్‌కి ఫీజుగా కీనో ఇవ్వబోయినవి 8 చిన్న ముత్యాలు. అవి చిన్న పుళ్ళలా బూడిదరంగులో వికారంగా ఉన్నాయంటాడు రచయిత. ఉపమేయం ముత్యాలు, ఉపమానం పుళ్ళు, సమానధర్మం రంగూ వికారమూ. రెండో అధ్యాయంలో పెద్ద ముత్యం దొరుకుతుంది. అది చంద్రుడంత లోపం లేనిది. ఉపమానం పుండు నుంచి చంద్రుడికి మారింది. ఆరో అధ్యాయం చివర, విసిరే ముందు కీనో దానిలోకి చూస్తే అది బూడిదరంగులో, పుండులా కనిపిస్తుంది. ప్రపంచంలోకెల్లా గొప్ప ముత్యం, డాక్టర్ కాదన్న ఆ 8 పనికిరాని ముత్యాల స్థాయికి దిగిపోయింది. రచయిత మొదటి అధ్యాయంలో వాడిన పోలికనే చివర్లో మళ్ళీ తెచ్చాడు. మూడు చోట్లా గీతలు గీసి, ఈ ప్రయాణాన్ని నాలుగు వాక్యాల్లో రాస్తే సిమిలీ, సింబల్ రెండూ ఒకే దెబ్బకి వచ్చేస్తాయి. సింబల్ గురించి పిల్లలు చేసే పెద్ద పొరపాటు “ముత్యం లోభానికి ప్రతీక” అని ఒకే అర్థం అతికించడం. అది అధ్యాయానికో అర్థం మార్చుకుంటుంది. అందుకే మూడు చోట్ల చూడాలి.

ఉపమ నుంచి రూపకం ఎలా పుడుతుందో చూపడానికి మూడో అధ్యాయం మొదటి పేజీలు చాలు. ఊరు ఒక జంతువు లాంటిదని మొదలవుతుంది: ఊరికి నరాలున్నాయి, తల, భుజాలు, కాళ్ళు ఉన్నాయి. అక్కడిదాకా పోలిక. కాసేపటికి ముత్యం వార్త ఊళ్ళో కదిలించిన చెడుని తేలుతో పోల్చి, ఆపైన ‘లాంటి’ వదిలేసి, ఊరి విషపు తిత్తులు విషం తయారుచేయడం మొదలుపెట్టాయి అంటాడు. ఉపమేయానికీ ఉపమానానికీ తేడా చెరిగిపోయింది కదా, అదే రూపకం. ఇక తేలు అనగానే మొదటి అధ్యాయం గుర్తుకు రావాలి. అక్కడ ఒక తేలు ఒక పిల్లవాడిని కుట్టింది. ఇక్కడ ఊరంతా తేలు అయింది. లోభం ఒక మనిషి గుణం కాదు, ఊళ్ళో ప్రతివాడూ ఆ ముత్యంతో తనకేదో సంబంధం కలుపుకున్నాడు అన్న సంగతి రచయిత ఈ రూపకం ద్వారానే చెప్పాడు. మీ పాప మొదటి వాక్యం ఎందుకు నిలవదో ఇది ఇంకో రుజువు.

సిమిలీ, సింబల్ కలిపి ఒకటి, రూపకం రెండోది అనుకుంటే, మూడో డివైస్‌గా పాటలు తీసుకోమనండి. కీనో చెవుల్లో కుటుంబం పాట, కీడు పాట, ముత్యం పాట, శత్రువు పాట మోగుతుంటాయి. మన సినిమాల్లో విలన్ తెర మీదికి రాకముందే అతని బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వచ్చేస్తుందే, ఆ పనే ఇక్కడ కాగితం మీద జరుగుతోంది. “పాటలు భావోద్వేగాలు చూపిస్తాయి” అని రాసి ఊరుకుంటే సగం మార్కే. పాట మారిన చోటు పట్టుకోవాలి. ముత్యం పాట మొదట్లో మధురంగా ఉండి, ఆరో అధ్యాయంలో కీడు పాటతో పెనవేసుకుని, చివర్లో వికృతంగా, పిచ్చెక్కినట్టు వినిపించి, ముత్యం నీటి అడుక్కి చేరాక గుసగుసగా మారి ఆగిపోతుంది. ప్రతి అధ్యాయం పక్కన మార్జిన్లో ఏ పాట మోగిందో పెన్సిల్‌తో రాసుకుంటూ పోతే అరగంట పని.

నాలుగోది ఐరనీ, అంటే అనుకున్నదానికి సరిగ్గా ఎదురు జరగడం. రెండే ఉదాహరణలు చాలు. తుపాకీ సంగతి పైన చెప్పాం. రెండోది పిల్లవాడి చావు. కొయొటీటో అంటే బుజ్జి కొయొటీ, అంటే అక్కడి గుంటనక్క లాంటి అడవి కుక్క పిల్ల అని. ఆరో అధ్యాయంలో గుహలోంచి వచ్చిన ఏడుపు విని, కొయొటీ పిల్ల కావచ్చని వెంటాడేవాళ్ళు తుపాకీ ఎత్తుతారు. ముద్దుగా పెట్టిన పేరే అలా ఎదురు తిరిగింది. మొదటి అధ్యాయంలో ఇసుక గుంటలో చిక్కిన చీమ గిలగిలా కొట్టుకుంటుంటే కీనో దేవుడిలా తటస్థంగా చూస్తూ కూర్చోవడాన్ని ఫోర్‌షాడోయింగ్‌గా (జరగబోయేదానికి ముందస్తు సూచనగా) వాడాలనుకుంటే వాడొచ్చు, కానీ నాలుగు అడిగితే ఐదు రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

రాసే పద్ధతి కూడా ఒకటి చూపిస్తాం, ముత్యాల వ్యాపారి మీద. మొదటి వ్యాపారి కీనోని పలకరిస్తూ, బల్ల వెనక ఒక నాణేన్ని వేళ్ళ మీద దొర్లిస్తుంటాడు. బలహీనమైన పేరా ఇలా ఉంటుంది: “వ్యాపారి లోభి. ముత్యానికి 1000 పెసోలే ఇస్తానన్నాడు. ఇది అతని లోభాన్ని చూపిస్తుంది.” బలమైన పేరా ఇలా ఉండాలి: “నాలుగో అధ్యాయంలో వ్యాపారి నోరు ముత్యాన్ని పనికిరాని వింత వస్తువు అంటుంది, వేళ్ళు మాత్రం నిజం చెప్పేస్తాయి. ముత్యం చూడగానే అతని చేతిలోని నాణెం తడబడి ఒళ్ళో పడిపోతుంది. బల్ల వెనక జరిగే ఇది కీనోకి కనబడదు, మనకి కనబడుతుంది. వ్యాపారులంతా ఒకే యజమాని మనుషులని మనకి ముందే చెప్పిన రచయిత, ఈ నాణెంతో ఆ మోసానికి సాక్షిగా మనల్ని నిలబెట్టాడు. 50 వేలు విలువ చేస్తుందని కీనో అరిచినప్పుడు అది దురాశగా కాక న్యాయంగా వినిపించేది అందుకే.” కోట్ చేసిన చోటు, అక్కడ ఏం జరిగింది, అది మన మీద ఏం చేసింది, మన వాదనకి ఎలా ఉపయోగపడింది: ఈ నాలుగూ రెండో పేరాలో ఉన్నాయి, మొదటిదాంట్లో ఒకటే ఉంది. అంకెలు కూడా సరిచూసుకోమనండి. తర్వాత పిలిచిన ముగ్గురిలో ఒకడు ముత్యం వద్దే వద్దన్నాడు, ఇంకొకడు సుద్దలా మెత్తనిదన్నాడు, మూడోవాడు 500 అన్నాడు. కీనో వెళ్ళిపోతుంటే మొదటివాడు 1500కి పెంచాడు. నిజంగా పనికిరాని వస్తువైతే పెంచేవాడా?

వెయ్యి పదాలకి మా లెక్క: పరిచయం 80, కీనో 320, హువానా 220, నాలుగు డివైస్‌లకి ఒక్కొక్కదానికి 80 చొప్పున 320, ముగింపు 60. పరిచయంలో కథ రెండు వాక్యాలకి మించకూడదు. టీచర్‌కి కథ తెలుసు. కోట్‌లు పది పదాల లోపు, ఇంగ్లీషు పాఠంలో ఉన్నట్టే, పక్కన అధ్యాయం సంఖ్యతో. సమ్మరీ సైట్ల నుంచి వాక్యాలు తెచ్చుకుంటే క్లాసులో మరో ఐదుగురి దగ్గరా అవే ఉంటాయి, టీచర్‌కి దొరికిపోవడం ఖాయం.

పది రోజుల్లో మొదటి రెండు రోజులూ పెన్సిల్ లేకుండా పుస్తకం పూర్తిగా చదవనివ్వండి. మూడో రోజు మూడో, ఆరో అధ్యాయాల పట్టిక. నాలుగో రోజు హువానా చేసిన పనుల జాబితా. ఐదు, ఆరు రోజులు డివైస్‌లు, రోజుకి రెండు. ఏడో రోజు మీరు కూర్చోవాలి. ప్రతి పేరాలో తను చెప్పదలచుకున్నదేమిటో మీ పాప మీకు తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పాలి. “కీనో గురించి” అంటే ఒప్పుకోకండి. “కీనో గురించి ఏమిటి?” అని అడగండి. తెలుగులో చెప్పలేకపోతే ఆ పేరా ఇంకా ఇంగ్లీషులోనూ తయారు కాలేదని అర్థం, ఆ అధ్యాయానికి తిరిగి పంపండి. ఎనిమిది, తొమ్మిది రోజుల్లో రాయడం. పదో రోజు పదాలు లెక్కపెట్టడం, కోట్‌లు పుస్తకంతో సరిచూడటం. పదాలు ఎక్కువైతే పాదిరిని తీసేయమనండి, తర్వాత హువాన్ తొమాస్‌ని. పడవ వాక్యాన్ని మాత్రం తీయనివ్వకండి.